మలావీ పల్లెలో అమ్మమ్మ ఇంట పెరిగే పిల్లల చదువుకు తిరుపతి నుంచి తోడ్పడటం ఎలా

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను ఆఫ్రికాలోని చిన్న దేశం మలావీ దక్షిణ భాగాన్ని ముంచెత్తి పోయిన కొన్ని వారాలకు, బ్లాంటైర్ నగరంలో అకౌంటెంటుగా పనిచేస్తున్న మా మేనల్లుడు ములాంజే జిల్లాలోని ఒక పల్లె బడి ఫోటోలు నాకు పంపాడు. పైకప్పు రేకులు లేచిపోయిన గదిలో, బెంచీలు లేని నేల మీద, ఒకటో తరగతి పిల్లలే నూరుమందికి పైగా ఒకరినొకరు ఒరుసుకొని కూర్చున్నారు. తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రం పూట ఒకే అరుగు మీద చేరే ఆరుగురం, అందరం జిల్లా పరిషత్తు బడుల్లో చాక్‌పీసు పట్టి రిటైరైనవాళ్లమే, ఆ ఫోటోలను చేతులు మార్చుకొని చూశాం. ఆ రోజు మొదలైన పనిలో మేము చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు, అలాంటి ఆలోచన ఉన్నవారికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

మన దగ్గర అనాథ పిల్లలు లేరా అని మమ్మల్ని చాలామంది అడిగారు. ఉన్నారు, వారికి చేయగలిగింది చేయడం మన మొదటి బాధ్యతే. అయితే ఇక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బాలమందిరం ఉంది, కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద బంధువుల ఇంట పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల ఆసరా ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది. ములాంజే పల్లె సంగతి చూసి చెప్పడానికి మా మేనల్లుడు ఉన్నాడు, అవసరం కళ్లెదుట కనిపించింది. సాయం చేయడానికి తగిన చోటు ఏది అన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఇదే: నమ్మకంగా కబురు అందే దారి మీకు ఎక్కడ ఉందో అక్కడ చేయండి. అలాంటి దారి లేకుండా ఇంటర్నెట్‌లో కనిపించిన ఊరికి డబ్బు పంపవద్దు.

ముందుగా తెలుసుకోవలసినది: ఆ పిల్లలు ఎవరి ఇంట ఉన్నారు

అనాథ అనగానే మనకు తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లవాడు గుర్తుకొస్తాడు. యునిసెఫ్ లెక్కలో మాత్రం 18 ఏళ్లలోపు వయసులో తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరిని కోల్పోయినా అనాథే. అందువల్ల ఏ నివేదికలోనైనా అనాథల సంఖ్య చదివేటప్పుడు, వారిలో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని, మిగిలినవారిలో చాలామంది రక్తసంబంధీకుల ఇళ్లలోనే పెరుగుతున్నారని గుర్తుంచుకోవాలి. మలావీలో ఒక తరం తల్లిదండ్రులను ఎయిడ్స్ తీసుకుపోయింది. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక, 2011లో హెచ్ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితకాలం మందులు ఇచ్చే విధానాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆ దేశమే చేపట్టాక, ఆ చావులు బాగా తగ్గాయి. కానీ అప్పటి పిల్లలను, ఆ తరువాత తుపానుల్లోనూ కాన్పుల్లోనూ తల్లులను పోగొట్టుకున్న పిల్లలను సాకుతున్నది ముఖ్యంగా అమ్మమ్మలే.

దక్షిణ మలావీలోని లోమ్వే, యావో వంటి సమాజాల్లో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. పెళ్లయ్యాక భర్తే భార్య ఊరికి వచ్చి ఉండటం అక్కడి పాత ఆచారం. పిల్లల విషయంలో తండ్రి మాటకంటే తల్లి అన్నదమ్ముల మాట చెల్లుతుంది. అవ్వను, తాతను వారు అగోగో అంటారు, మేనమామను మలూమే అంటారు. పుట్టువెంట్రుకలు తీయించడానికి, చెవులు కుట్టించడానికి, పెళ్లిలో పెళ్లికూతురిని బుట్టలో ఎత్తుకొని తీసుకురావడానికి మేనమామ కావలసిన మనకు ఈ సంగతి ఒకరు విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక పిల్ల చదువు గురించి మాట్లాడవలసి వస్తే ముందు ఆ ఇంటి అగోగోతో, తరువాత మలూమేతో మాట్లాడాలి. ఆ ఇద్దరినీ దాటి బడి ప్రధానోపాధ్యాయుడితో మాత్రమే ఒప్పందం చేసుకుంటే, ఎనిమిదో తరగతిలో పిల్లను మాన్పించి పెళ్లికి పంపేటప్పుడు మీకు కబురు కూడా రాదు. మలావీ 2017లో రాజ్యాంగాన్ని సవరించి పెళ్లి వయసును 18 ఏళ్లు చేసింది. డెడ్జా జిల్లాలో థెరీసా కచిందమోటో అనే సంప్రదాయ పాలకురాలు వందలకొద్దీ బాల్యవివాహాలను రద్దు చేయించి ఆ పిల్లలను తిరిగి బడికి పంపింది. చట్టం ఎంత అవసరమో, ఊరి పెద్ద మాట అంత అవసరమని ఆమె చేసిన పని చూస్తే తెలుస్తుంది.

మొదటి ఏడాదే మాకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఊరిలో స్థలం ఉంది, ఇటుకలు చవక, ముప్పై మంది పిల్లలకు ఒక అనాథాశ్రమం కట్టిద్దాం అన్నది దాని సారాంశం. శిలాఫలకం మీద పేర్లు ఉంటాయన్న మాట కూడా వచ్చింది. మేము దాదాపు ఒప్పుకున్నాం. ఆ ఊరి పెద్ద ఒక స్త్రీ. ఆమె మా మేనల్లుడిని కూర్చోబెట్టుకొని, భవనం కట్టిన మర్నాడే ఊరిలో అమ్మమ్మలందరూ తిండికోసమని పిల్లలను అందులో వదులుతారని, ఆ తరువాత సెలవులకు వెళ్లడానికి ఆ పిల్లలకు ఇల్లే ఉండదని చెప్పిందట. పిల్లలను సంస్థలో పెట్టడం చివరి మార్గంగానే ఉండాలని మన బాలల న్యాయ చట్టం 2015 కూడా చెబుతోంది. 2019లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ బాలల హక్కుల తీర్మానంలో కుటుంబ సంరక్షణకే పెద్దపీట వేసింది. అందుకే నా మొదటి సలహా కఠినంగానే చెబుతాను: అనాథాశ్రమం కట్టవద్దు, కట్టే వారికి డబ్బు ఇవ్వవద్దు. అమ్మమ్మ ఇంటి పొయ్యి వెలిగితే ఆ పిల్లవాడు బడికి వెళతాడు.

ఒక్క పిల్లవాడిని విడదీసి ఇవ్వకూడదు

మేము మొట్టమొదట పంపిన డబ్బుతో పధ్నాలుగు మంది అనాథ పిల్లలకు నల్లటి బూట్లు కొనిపించాం. బ్లాంటైర్ బజారులో కొన్నారు, బిల్లు వచ్చింది, ఫోటో వచ్చింది. ఆ ఫోటోను నేను ఇప్పటికీ తీసివేయలేదు. ఒకే ఇంటి గుమ్మం ముందు నలుగురు పిల్లలు నిలుచున్నారు. ముగ్గురివి మట్టి కొట్టుకున్న ఉత్త కాళ్లు. నాలుగోవాడు కొత్త బూట్లు వేసుకున్నాడు, కానీ ఎడమ కాలును కుడి పిక్క వెనక్కు మడిచి దాచుకున్నాడు. మిగతా ముగ్గురూ వాడి పిన్ని పిల్లలు, ఒకే పళ్లెంలో తినేవాళ్లు. రెండు వారాల తరువాత చూస్తే ఆ బూట్లను ఇద్దరు అన్నదమ్ములు రోజు మార్చి రోజు వేసుకుంటున్నారు. ముప్పై ఏళ్లు బడిలో ఉండి కూడా, పంక్తిలో ఒకడికే వడ్డిస్తే ఆ ముద్ద వాడి గొంతు దిగదన్న సంగతి నాకు ఆ ఫోటో చూసేదాకా తోచలేదు.

అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతి రెండు విధాలు. బడిలో ఇచ్చేది తరగతి మొత్తానికి ఇస్తాం. ఇంటికి ఇచ్చేది ఇంటి మొత్తానికి ఇస్తాం. ఏ ఇళ్లకు ఇవ్వాలో మేము ఎంచుకోం. బడి నిర్వహణ కమిటీ, మదర్ గ్రూప్ అని పిలిచే తల్లుల బృందం, ఊరి పెద్ద కలిసి కూర్చుని, ఎందుకు ఎంచుకున్నారో ఊరిలో అందరి ముందూ చెప్పి ఎంచుకుంటారు. ఆడపిల్లలు బడి మానకుండా చూడటం, మానినవారిని తిరిగి తీసుకురావడం తల్లుల బృందం పని. మా అనుభవంలో ఊరిలో అందరికంటే నిక్కచ్చిగా ఉన్నది ఆ బృందమే. అనాథ అన్న మాటను జాబితాలో రాయవద్దని కోరినది కూడా వారే.

ఏ నెలలో ఏమి కావాలి

మలావీ బడి సంవత్సరం సెప్టెంబరులో మొదలై మూడు టర్ములుగా జూలై వరకు సాగుతుంది. పొలం సంవత్సరం దానికి అడ్డంగా నడుస్తుంది. వానలు నవంబరులో పడతాయి, మొక్కజొన్న ఏప్రిల్‌లో చేతికి వస్తుంది, నిరుటి గింజలు డిసెంబరు నాటికే గాదెలో అడుగంటుతాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ఆకలి నెలలు. పిల్లలు బడికి రాకుండా పోయేది, కూలికి వెళ్లేది, ఆడపిల్లలకు పెళ్లిమాటలు నడిచేది ఆ రోజుల్లోనే. వారి రోజువారీ తిండి న్సిమా, అంటే మన రాగి సంగటిలాగే మొక్కజొన్న పిండితో కెలికిన ముద్ద. చిత్తూరు జిల్లాలో మెట్టపొలం మీద బతికిన ఇంట పుట్టినవారికి ఈ క్యాలెండరు వెంటనే అర్థమవుతుంది.

అందుకే మేము పంపేదాంట్లో అన్నిటికంటే విలువైనది పుస్తకాల డబ్బు కాదు, అక్టోబరు నెలాఖరులోగా అమ్మమ్మ చేతికి చేరే విత్తనాలు, ఎరువు. ఫిబ్రవరిలో ఒక బస్తా మొక్కజొన్న కొనివ్వడానికి అయ్యే డబ్బును నాలుగు నెలల ముందు ఎరువుగా ఇస్తే, ఆ ఇంటికి ఎన్నో బస్తాలు పండుతాయి, ఆ పంట ఆమె సొంత కష్టార్జితంగా ఉంటుంది. ఆలస్యమై డిసెంబరులో చేరిన ఎరువు మాత్రం వృథా. మొదటి ఏడాది మా డబ్బు బ్యాంకులో మూడు వారాలు ఆగిపోయి, ఎరువు సగం పైరు లేచాక అందింది. ఇప్పుడు ఆగస్టులోనే పంపుతున్నాం.

ఆకలి నెలల్లో బడిలో జావ దొరికితే హాజరు నిలుస్తుంది. 2002లో మలావీలోనే మొదలైన మేరీస్ మీల్స్ సంస్థ చాలా బడుల్లో మొక్కజొన్న, సోయా కలిపిన జావ పెడుతోంది. మీరు ఎంచుకున్న బడిలో అది ఉంటే ఆ ఖర్చు జోలికి పోనక్కరలేదు. లేకపోతే, తల్లులే వండే ఏర్పాటుకు గిన్నెలు, జనవరి నుంచి మార్చి దాకా సరిపడే పిండి ఇవ్వండి.

సెప్టెంబరులో యూనిఫారాలు కావాలి. ప్రాథమిక విద్య 1994 నుంచి అక్కడ ఉచితమే అయినా చినిగిన బట్టలతో వెళ్లడానికి సిగ్గుపడి పిల్లలు మానేస్తారు. బట్ట కొని ఊరి దర్జీ చేతే కుట్టించండి, కూలి ఊరిలోనే ఉంటుంది. ఇక్కడి నుంచి పాత బట్టలు, పాత పుస్తకాలు మూటగట్టి పంపాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవాలి. మలావీకి సముద్రం లేదు. సరుకు మొజాంబిక్ రేవుల మీదుగానో టాంజానియాలోని దారెస్సలాం మీదుగానో రావాలి. రవాణా, సుంకం కలిపితే అక్కడ కొత్తవి కొనే ధరను దాటిపోతుంది. పెద్ద ఆడపిల్లలకు ఉతికి వాడుకునే ప్యాడ్లు కుట్టడానికి తల్లుల బృందానికి బట్ట, ఒక కుట్టుమిషను ఇచ్చాం. సోలార్ దీపాలు ఇంటికొకటి ఇచ్చాం. దూరపు కమ్యూనిటీ సెకండరీ బడికి నడిచే పిల్లలకు సైకిళ్లు ఇచ్చాం.

అగోగోల పొదుపు గురించి కూడా చెప్పాలి. మన డ్వాక్రా సంఘాల వంటివే అక్కడ బాంకి మ్‌ఖోండే పేరుతో ఉన్నాయి. ఖోండే అంటే వరండా, కాబట్టి అది వరండా బ్యాంకు. ఇరవై మంది ఆడవాళ్లు వారానికోసారి చేరి పొదుపు చేసి, అందులోంచే అప్పు తీసుకొని, ఏడాది చివర పంచుకుంటారు. ఆ సంఘంలో బయటి డబ్బు పోయకూడదు. పోస్తే ఎవరూ అప్పు తీర్చరు, సంఘం చెడిపోతుంది. మన దగ్గర ఆ సంగతి చూసినవారికి వేరే రుజువు అక్కరలేదు. అమ్మమ్మకు ఆ సంఘంలో చేరే ధైర్యం కలిగేలా ఆమె ఇంటికి ఒక మేకపిల్లను ఇచ్చి, మొదటి ఈతలో పుట్టినదాన్ని పక్కింటికి ఇవ్వాలన్న షరతు పెట్టాం. అది బాగా నడుస్తోంది.

డబ్బు పంపే పద్ధతి

భారతదేశంలో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికా డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. విరాళాలు కూడా అందులోకే వస్తాయి. పాన్ కార్డు ఉండాలి, బ్యాంకులో ఎ2 ఫారం నింపాలి, విదేశీ ధర్మసంస్థకు విరాళమైతే, డబ్బు ఎందుకు పంపుతున్నారో తెలిపే ప్రయోజన కోడ్ ఎస్1303 రాయాలి. ఆ ఫారంలో ఈ డబ్బు నా సొంతమని మీరు సంతకం చేస్తారు. కాబట్టి పదిమంది దగ్గర వసూలు చేసిన చందాను ఒకరి ఖాతాలో వేసి పంపడం తగదు. మేము దీనికి చీటీ వంతుల లాంటి ఏర్పాటు చేసుకున్నాం. ఆరుగురమూ ఎవరి ఖాతాలో వారు నెలకు 2,000 రూపాయలు రికరింగ్ డిపాజిట్ కడతాం. ఏడాదికి మూడు టర్ములు కాబట్టి ఒక్కొక్కరి వంతు రెండేళ్లకోసారి వస్తుంది, అప్పుడు తన 48,000 రూపాయలను తన పేరుతోనే పంపుతాడు. విడతకు ఒక్కసారే పంపడం వల్ల బ్యాంకు రుసుము కూడా మూడుసార్లతో పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు కనుక మా వంటివారికి ఆ బెడద లేదు.

మీకు ఇప్పటికే ఒక ట్రస్టు ఉంటే దాని నుంచి పంపే ముందు ఆడిటరును తప్పక అడగండి. ధర్మసంస్థ ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉంటే తప్ప, ఆ మొత్తానికి పన్ను మినహాయింపు దక్కదు. విదేశీ సంస్థకు వ్యక్తిగా ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండదు. ఇది తెలిసే ఇవ్వాలి.

అక్కడ ఎవరి ఖాతాకు పంపాలన్నది మరింత ముఖ్యం. మా మేనల్లుడి ఖాతాకు కూడా మేము పంపలేదు. చుట్టరికం చెడకుండా ఉండాలంటే లెక్క వేరే చోట ఉండాలి. జిల్లా కౌన్సిల్‌లో సాంఘిక సంక్షేమ విభాగం దగ్గర నమోదై, ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా ఉన్న ఊరి సంఘానికే పంపండి. ఆ ఇద్దరిలో ఒకరు తల్లుల బృందం నుంచి ఉండాలని అడగండి. సంఘం నుంచి ఇళ్లకు చేరవలసిన చిన్న మొత్తాలు ఎయిర్‌టెల్ మనీ ద్వారా ఫోనుకే వెళతాయి, సందేశమే రసీదు. ఏడాది మొత్తాన్నీ ఒకేసారి పంపవద్దు. 2023 నవంబరులో ఆ దేశపు కేంద్ర బ్యాంకు డాలరు విలువను 1,180 క్వాచాల (క్వాచా అక్కడి కరెన్సీ) నుంచి 1,700 క్వాచాలకు మార్చింది. ముందే మార్చి ఖాతాలో ఉంచిన క్వాచాలకు ఎరువు ధర అందకుండా పోయింది. అంచనాను క్వాచాల్లో వేయించుకోండి, డబ్బును టర్ముకు ముందు పంపండి.

లెక్కకు ఒక్క పేజీ చాలు: వచ్చినది, ఖర్చయినది, మిగిలినది, బిల్లుల ఫోటోలు. దానితోపాటు హాజరు పట్టీని పేర్లు కనిపించకుండా మూసి ఫోటో తీసి పంపమంటాం. పిల్లల ముఖాల ఫోటోలు అడగం. ఏ పిల్ల ఏ మందు వాడుతోందో, తల్లి ఏ జబ్బుతో పోయిందో అడగం. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ కథలు తిరగడం ఆ పిల్లలకు మేలు చేయదు. కృతజ్ఞతా లేఖలు రాయించవద్దని కూడా చెప్పాం. ఆ కాగితం మీద వారు లెక్కలు చేసుకోవచ్చు.

మలావీ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మేము నెలకోసారి సాయంత్రం అయిదున్నరకు మాట్లాడతాం, అక్కడ మధ్యాహ్నం రెండు గంటలు, బడి వదిలి ఉపాధ్యాయులు తీరికగా ఉంటారు.

చదువు నిజంగా వస్తోందా

హాజరు పెరిగినంత మాత్రాన చదువు రాదు. నూరుమంది ఉన్న గదిలో వెనుక వరుస పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చినా అక్కడి భాష చిచేవాలో ఒక వాక్యం కూడబలుక్కోలేకపోవచ్చు. పై తరగతుల్లో చిచేవా తప్ప మిగతా పాఠాలు ఇంగ్లీషులోకి మారిపోతాయి. ఈ చోట మన ప్రాంతం నుంచి ఇవ్వదగినది డబ్బు ఒక్కటే కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, ఒకే గదిలో అనేక తరగతులు ఉండే పల్లె బడుల కోసం, పిల్లవాడు నిచ్చెన మెట్లలాగా ఒక్కో కార్డు పూర్తిచేసుకుంటూ పోయే పద్ధతిని రూపొందించారు. తమిళనాడు ప్రభుత్వ బడులు ఆ దారినే పట్టాయి. తరగతిని బట్టి కాక, చదవగలిగిన స్థాయిని బట్టి పిల్లలను గంటసేపు విడగొట్టి నేర్పే ప్రథమ్ సంస్థ పద్ధతిని మలావీ పక్కనున్న జాంబియా ప్రభుత్వ బడులు ఉపయోగిస్తున్నాయి. మేము అక్కడి ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పడానికి పూనుకోలేదు. కార్డులు ఎలా ఉంటాయో చూపించాం, చిచేవా పదాలతో వారే అట్టముక్కల మీద రాసుకున్నారు. ఆరో తరగతి పిల్లలు ఇద్దరు సాయంత్రం చెట్టు కింద రెండో తరగతి పిల్లలతో ఆ కార్డులు చదివిస్తున్నారు. అట్టలకు, రంగులకు అయిన ఖర్చు మా పద్దులో అన్నిటికంటే చిన్నది.

ఎనిమిదో తరగతి చివర అక్కడ ప్రభుత్వ పరీక్ష ఉంటుంది, దాని మార్కులను బట్టే సెకండరీ బడిలో సీటు వస్తుంది. ఆ నాలుగేళ్ల ఖర్చు, ముఖ్యంగా హాస్టలు బడి అయితే, ఎనిమిదేళ్ల ప్రాథమిక విద్య ఖర్చుకంటే ఎక్కువవుతుంది. ఏ రుసుము రద్దయింది, ఏది మిగిలింది అన్నది ఏడాదికేడాది మారుతుంది కనుక ఆ ఏటి పట్టికను బడి ముద్రతో తెప్పించుకోండి. మీరు ఆరుగురిని చదివించగలమని లెక్క తేలితే నలుగురినే తీసుకోండి. మనలో ఒకరు జబ్బు పడతారు, ఒకరు ఈ లోకం విడిచి వెళతారు, రూపాయి విలువ తగ్గుతుంది. రెండో ఏట చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లకు మనం చేసిన సాయం సాయం కాదు. ఆ పరీక్షలో తప్పినవారినీ వదలకూడదు. ఒక ఏడాది మళ్లీ చదవడానికో, దర్జీ పనికో, సైకిల్ రిపేరుకో, ఇటుకల కట్టుబడికో అంతే మొత్తం వారి కోసం విడిగా ఉంచాం.

ఎప్పుడో ఒకనాడు మీరు ఆపవలసి వస్తుంది. ఆపే సంగతి కనీసం ఒక బడి సంవత్సరం ముందు ఊరి పెద్దకు, కమిటీకి చెప్పండి. ఆ చివరి ఏడాది కొత్త ఇళ్లను చేర్చుకోకుండా, సెకండరీలో ఉన్న పిల్లలు నాలుగో ఫారం, అంటే సెకండరీ చివరి తరగతి, పూర్తిచేసేదాకా సరిపడే డబ్బును ముందే పక్కన పెట్టండి. మేము ఆరుగురం అరవై దాటినవాళ్లం. మా వీలునామాల్లో కాకపోయినా, రికరింగ్ డిపాజిట్ నామినీలకు ఈ సంగతి చెప్పి, కాగితం మీద సంతకాలు తీసుకున్నాం.